పుస్తకాల లేఅవుట్ చేసేవారికి పని ఎక్కడ దొరుకుతుంది, ఏ పని తృప్తినిస్తుంది

విజయవాడలో ఇంటి నుంచే పుస్తకాల లేఅవుట్ చేస్తాను, అంటే రాతప్రతిని అచ్చుకు వెళ్లే పేజీలుగా అమర్చడం. కథలు, కవిత్వం, ఆత్మకథలు, అప్పుడప్పుడు సిద్ధాంత గ్రంథాలు, సంస్థల సావనీర్లు. నెల జీతం ఉండదు. వచ్చే నెల పని ఎటునుంచి వస్తుందో నేనే చూసుకోవాలి. డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు తయారుచేసే పని) నేర్చుకుని సొంతంగా చేసుకుందామనుకునే పిల్లలు ఫోన్ చేసి "పని ఎలా దొరుకుతుందండీ?" అని అడుగుతుంటారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చినదాన్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

పని దొరికే దారులు చాలా ఉన్నాయి. అన్నీ ఒకేలా తృప్తినివ్వవు. నేను దేన్నయినా ఒకే కొలతతో చూస్తాను: నాకూ ఆ పుస్తకం రాసినవారికీ మధ్య ఎంతమంది ఉన్నారు? మధ్యలో మనుషులు పెరిగేకొద్దీ డబ్బు ఆలస్యమవుతుంది, మార్పులు రెట్టింపవుతాయి, ఆ మార్పు ఎందుకు అడిగారో చెప్పేవారుండరు. తగ్గేకొద్దీ పేజీ బాగుంటుంది, చేసే మనిషికీ బాగుంటుంది.

ముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలి

పని అడగడానికి వెళ్లేముందు నమూనా పేజీలు సిద్ధం చేసుకోండి. "ఇంకా ఎవరూ పుస్తకం ఇవ్వలేదు, ఏం చూపించాలి?" అని ఆగిపోనక్కరలేదు. మన చట్టంలో రచయిత కన్నుమూసిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు గడిస్తే ఆ రచనపై కాపీరైట్ ఉండదు. గురజాడ 1915లో, కందుకూరి 1919లో పోయారు. వారి రచనలను ఎవరి అనుమతీ లేకుండా పేజీల్లో పెట్టి చూపించవచ్చు. సంభాషణలు ఎక్కువగా ఉన్న కథ పేజీ ఒకటి, పద్యాల పేజీ ఒకటి, ఫుట్‌నోట్లూ పట్టికా ఉన్న పేజీ ఒకటి చేయండి. పద్యం సరిగా పెట్టగలిగితే మిగతావి పెట్టగలరని చూసేవారికి నమ్మకం కుదురుతుంది. పాదం విరగకూడదు, నాలుగు పాదాలూ ఒకే పేజీలో ఉండాలి, పద్యానికీ తాత్పర్యానికీ మధ్య ఎడం కంటికి హాయిగా ఉండాలి.

వాటిని ఫోన్‌లో చూపించవద్దు. ప్రింటు తీసి, డెమ్మీ సైజుకు, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదున్నర అంగుళాల పొడవుకు కత్తిరించి పట్టుకెళ్లండి. పుస్తకం వేయించే రచయితల్లో చాలామంది ఉద్యోగ విరమణ చేసినవారు. కాగితం చేతికి ఇస్తే వేలితో వరస వెంట చదువుతారు. అక్షరం పరిమాణం వారి కంటికి సరిపోతుందో లేదో అప్పుడే తేలిపోతుంది.

ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌ అక్షరాలతో పని చేయడం, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో పని చేయడం, రెండూ రావాలి. పేజీలు పెట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు యూనికోడ్ పెట్టేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. ఆ ఒక్క తప్పు నమూనాలో కనిపించినా ఎదుటివారు రెండో పేజీ తిప్పరు. ఇక అను ఎందుకంటే, ఎన్నో ఏళ్ల పాటు తెలుగు పుస్తకాలు పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. ఆ ఫైళ్లు ఇప్పటి కంప్యూటర్లలో తిన్నగా తెరుచుకోవు. పాత పుస్తకం రెండో ముద్రణ వేయాలనుకున్న ప్రతివారికీ ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి, మారేటప్పుడు పడిన తప్పులు దిద్ది, కొత్తగా పేజీలు పెట్టేవారు కావాలి. కొత్తవారు ఈ పనిని పేరు పెట్టి అడగండి. "లేఅవుట్ చేస్తాను" అంటే విని ఊరుకుంటారు. "మీ పాత పేజ్‌మేకర్ ఫైళ్లను మార్చి ఇస్తాను" అంటే బీరువాలో సీడీలు వెతకడం మొదలుపెడతారు.

ప్రెస్సు దగ్గర మొదలుపెట్టండి

రచయిత మొదట వెళ్లేది ప్రెస్సుకే. "వెయ్యి కాపీలు వేస్తే ఎంతవుతుంది?" అని అడుగుతారు. ప్రెస్సు వారు "ఫైలు ఉందా?" అని అడుగుతారు. లేదంటే ఒక నంబరు రాసిస్తారు. ఆ కాగితంమీద ఉండే నంబరు మీది కావాలి.

దానికి పరిచయాలకంటే ముందు ఒక లెక్క రావాలి. డెమ్మీ పుస్తకంలో 16 పేజీలు ఒక ఫారం, అంటే ఒక పెద్ద షీటుకు రెండువైపులా పడే పేజీలు. మీరు పెట్టిన కథల పుస్తకం 163 పేజీలు వచ్చిందనుకోండి. పది ఫారాలకు 160. మిగిలిన మూడు పేజీల కోసం ఇంకో అర ఫారం వేయాలి, అంటే 168 పేజీలు. అందులో అయిదు ఖాళీగా పోతాయి. వెయ్యి కాపీలకు ఆ అర ఫారం 500 షీట్లు, సరిగ్గా ఒక రీము కాగితం. దానిమీద అచ్చు వేసే ప్లేట్లు, ప్రింటింగ్ ఖర్చు అదనం. ఆ మూడు పేజీలను మీరు లోపలే సర్దగలిగితే రచయితకు డబ్బు మిగులుతుంది, ప్రెస్సుకు మీరు గుర్తుంటారు.

అక్షరం చిన్నది చేసి సర్దడం మంచి పద్ధతి కాదు, చదివేవారికి అన్యాయం. నేను మొదట పేరా చివరి వరసలో ఒక్క మాట మాత్రమే మిగిలిన చోట్లు వెతుకుతాను. పై వరసల్లో మాటల మధ్య ఎడం కంటికి తెలియనంత తగ్గిస్తే ఆ మాట పైకి వెళ్లి ఒక వరస కలిసివస్తుంది. తర్వాత కథ చివరి పేజీలో రెండు మూడు వరసలే పడిన చోట్లు చూస్తాను. ఆ రెండు వరసలను వెనక్కి లాగితే ఏకంగా పేజీ కలిసివస్తుంది. పన్నెండు, పదిహేను కథలున్న పుస్తకంలో ఇలాంటి చోట్లు మూడుకు తక్కువ ఉండవు. ఇప్పుడు వంద, రెండు వందల కాపీలు డిజిటల్‌లో వేయించేవారు పెరిగారు కాబట్టి అక్కడ ఫారం లెక్క అంతగా పట్టింపు కాదు. అయినా ఈ అలవాటు వదలకండి.

కవర్ పంపేముందు కాగితం ఏది, ఎన్ని జీఎస్ఎం (కాగితం బరువు), పుస్తకం వెన్ను మందం ఎంత వస్తుంది అని ప్రెస్సునే అడగండి. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) ఉంచండి. ఫైలు తెరవగానే ప్లేట్లకు పంపగలిగేలా ఉంటే మీ గురించి వేరే సిఫారసు అక్కరలేదు.

ప్రెస్సు ద్వారా వచ్చే పనిలో ఒక తేడా గమనించండి. ప్రెస్సు నంబరు ఇచ్చి, రచయిత మీకు నేరుగా డబ్బు ఇచ్చే పద్ధతి బాగుంటుంది. ప్రెస్సే పని తీసుకుని పేజీకి ఇంతని మీకు ఇచ్చే పద్ధతిలో పని నిలకడగా వస్తుంది, కానీ రచయిత మొహం చూడరు, పుస్తకంలో మీ పేరు రాదు, బిల్లు నెలాఖరుకో పండక్కో సర్దుబాటవుతుంది. మొదట్లో చేయి తిరగడానికి రెండో పద్ధతి మంచిదే. దానిలోనే ఉండిపోతే పని ఎంత చేసినా మీ పేరు చెప్పి మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవారుండరు.

ప్రూఫ్ రీడర్ మాట

నాకు వచ్చే మంచి పుస్తకాల్లో ఎక్కువ భాగం ప్రూఫ్ రీడర్లు చెప్పగా వచ్చినవే. ఈ సంగతి కొత్తవారికి ఎవరూ చెప్పరు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. పుస్తకం తయారయ్యేటప్పుడు లేఅవుట్ వల్ల అందరికంటే ఎక్కువ కష్టపడేది వారే. మొదటి ప్రూఫులో, అంటే దిద్దడానికి తీసిన ప్రతిలో, దిద్దిన తప్పు రెండో ప్రూఫులో అలాగే ఉంటుంది. ఒకటి దిద్దబోతే పక్కన ఇంకొకటి పుడుతుంది. పాపం, మళ్లీ మొదటి నుంచి పోల్చి చూసుకోవాలి. ఆ బాధ తప్పించేవారిని వారు వదులుకోరు.

నేను చేసేది ఇది. ప్రూఫులు కాగితంమీద వస్తే ప్రతి దిద్దుబాటునూ ఫైలులో చేశాక ఆ గుర్తు పక్కన ఆకుపచ్చ పెన్నుతో టిక్ పెడతాను. సందేహం ఉన్నచోట చేయకుండా ఎర్రగా చుట్టి, పక్కన ఒక ప్రశ్న రాస్తాను. కొత్త ప్రూఫుతో పాటు పాత ప్రూఫును కూడా వెనక్కి పంపుతాను. దిద్దుబాటువల్ల వరసలు కదిలి పేజీ మారితే ఆ పేజీల అంకెలు పైన రాసి పెడతాను, అవి మాత్రం మళ్లీ చదివితే సరిపోతుంది. ఫోన్‌లో తప్పులు చెప్పే రచయితలకు ఒక పద్ధతి అలవాటు చేస్తాను: పేజీ అంకె, పై నుంచి ఎన్నో వరస, ఉన్న మాట, ఉండాల్సిన మాట. "47, పై నుంచి ఆరు" అంటే ఇద్దరికీ గందరగోళం ఉండదు.

ప్రూఫ్ రీడర్ రచయితకు నన్ను పరిచయం చేసినప్పుడు బేరం దాదాపు ఉండదు. రచయిత నమ్మే మనిషి నన్ను నమ్మమని చెప్పారు కాబట్టి మొదటి రోజు నుంచే మాటలు పుస్తకం గురించి నడుస్తాయి. అధ్యాయం ఎక్కడ మొదలవ్వాలి, అంకితం పేజీలో ఎంత ఖాళీ ఉండాలి, అమ్మ ఫొటో ఎక్కడ పెట్టాలి. నాకు ఈ పనిమీద ఉన్న ప్రేమంతా ఆ మాటల్లోనే ఉంది.

దీనికి దగ్గరగా ఉండేది తోటివారి నుంచి వచ్చే పని. లేఅవుట్ చేసే మరొకరికి చేతినిండా పని ఉన్నప్పుడు, ముఖచిత్రం వేసే ఆర్టిస్టునో అనువాదకులనో "లోపలి పేజీలు ఎవరు చేస్తారు?" అని ఎవరైనా అడిగినప్పుడు మీ పేరు రావాలి. నేను రెండు నియమాలు పాటిస్తాను. తోటివారు పంపిన రచయిత తర్వాతి పుస్తకానికి నా దగ్గరికే వస్తే ముందు ఆ తోటివారికి ఫోన్ చేసి చెబుతాను. నాకు కుదరని పనిని "చూద్దాం" అని నానబెట్టకుండా అదే రోజు ఇంకొకరికి అప్పగిస్తాను. తోటివారిని పోటీదారులుగా చూసేవారికి ఈ దారి తెరుచుకోదు.

ప్రచురణకర్తలు, పుస్తక ప్రదర్శనలు

ప్రచురణ సంస్థలకు వారి మనుషులు ఉంటారు. వారికి పని ఎక్కువైన సమయం చూసుకుని వెళ్లాలి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. ఆ రెండింటికి కొత్త పుస్తకాలు అందాలని సెప్టెంబరు, అక్టోబరు నుంచి అందరూ పరుగులు పెడతారు. కాబట్టి ఆగస్టులో వెళ్లి నమూనాలు ఇచ్చి, "దసరా తర్వాత మీకు చేయి చాలకపోతే చెప్పండి" అని వచ్చేయండి. ఫిబ్రవరిలో వెళ్తే టీ ఇచ్చి పంపుతారు.

ప్రదర్శనకు సెలవు రోజున కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి, స్టాల్లో ఉన్నవారికి మాట్లాడే తీరిక ఉంటుంది. నచ్చిన పుస్తకం తీసి లోపలి టైటిల్ వెనక పేజీ చూడండి. లేఅవుట్ ఎవరిదో, ఏ ప్రెస్సో అక్కడ ఉంటుంది. పుస్తకం బాగాలేదని రచయిత మొహంమీద చెప్పవద్దు. ఆయన అప్పుడే ఆ కాపీని ఎవరికో సంతకం చేసి ఇచ్చి ఉంటారు. రెండో ముద్రణకు వస్తోందని తెలిస్తే మాత్రం ఇలా రాయవచ్చు:

"నమస్కారమండీ. మీ కథల సంపుటి రెండో ముద్రణకు వస్తోందని విన్నాను. నేను విజయవాడలో పుస్తకాల లేఅవుట్ చేస్తాను. మీ మొదటి కథలోని రెండు పేజీలను నా పద్ధతిలో పెట్టి జతచేశాను. మీకు నచ్చితే మొత్తం ఎన్ని పేజీలవుతుందో, ఎంత ఖర్చవుతుందో లెక్క రాసి పంపుతాను. ఈ రెండు పేజీలకు ఏమీ ఇవ్వనక్కరలేదు."

ఇంతే. అర్హతల జాబితా అక్కరలేదు, ఆ రెండు పేజీలు చాలు.

ఫేస్‌బుక్‌లో తెలుగు రచయితలు చాలామంది ఉన్నారు. నేను అక్కడ ఖాళీగా ఉన్నాను, పని ఇవ్వండి అని ఎప్పుడూ రాయను. ఒక పేజీ ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా అయింది, రచయిత అనుమతితో పక్కపక్కన పెట్టి నాలుగు మాటలు రాస్తాను. దానివల్ల వచ్చే ఫోన్లలో ధర అడిగి వెళ్లిపోయేవారే ఎక్కువ. నిలిచేవారు మాత్రం నేరుగా రచయితలే. నా కొలతలో అది మంచి దారి, ఓపిక ఉంటే.

ఆన్‌లైన్ వేదికలు, విదేశాల పని

విడివిడి పనులు దొరికే ఫైవర్ లాంటి వేదికల్లో తెలుగు పుస్తకం లేఅవుట్ అడిగేవారు అరుదు. ఫైవర్ మన సంపాదనలో 20 శాతం తీసుకుంటుందన్నది కూడా లెక్కలో ఉంచుకోండి. అక్కడ ఎక్కువగా దొరికేది కరపత్రాలు, ఆహ్వానాలు. డబ్బు సంగతి వేదికే చూసుకుంటుంది కాబట్టి వసూలు భయం తక్కువ.

అనువాద సంస్థలు ఆస్పత్రుల కరపత్రాలు, యంత్రాల మాన్యువళ్లు అనేక భాషల్లో తయారుచేస్తాయి. తెలుగు పేజీలు పెట్టేవారు వారికి కావాలి. 1999 నుంచి నడుస్తున్న ప్రోజ్ అనే అనువాదకుల వేదికలో అలాంటి పని దొరుకుతుంది. ఏ సంస్థ సరిగా డబ్బిస్తుందో తోటివారు మార్కులు వేసే బ్లూ బోర్డు అక్కడ ఉంది, పని ఒప్పుకునేముందు తప్పక చూడండి. రేటు బాగుంటుంది. అయితే రాసినవారు ఒకరు, అనువదించినవారు ఒకరు, సమీక్షకులు ఒకరు, మేనేజరు ఒకరు. మీ ప్రశ్న ఎవరికీ చేరదు. ఇంటి ఖర్చులకు నెలలో కొంత చేయండి, తృప్తి అక్కడ వెతకవద్దు.

అమెరికాలోని తెలుగువారి తానా, ఆటా లాంటి సంఘాలు రెండేళ్లకోసారి మహాసభలు జరుపుకుంటాయి, వాటికి సావనీర్లు వేస్తాయి. ఆ పని చూసేవారు ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు సమయమిచ్చే సంపాదకులు. వారితో పని చేయడం నాకు ఇష్టం, భాషమీద వారికున్న శ్రద్ధ అలాంటిది. సావనీరు ఎక్కడిదైనా, ఎవరిదైనా, ప్రకటనలు చివరి వారం వరకూ వస్తూనే ఉంటాయి. ఏ తేదీ తర్వాత వచ్చిన ప్రకటన వెనక పేజీల్లోకి పోతుందో మొదటే రాసుకోండి. ఇంకో సంగతి: తుది మాట ఒక్కరిదే ఉండాలి. ఇక్కడ ఒక కమిటీకి చేసిన సావనీరులో ఒక్కో సభ్యుడూ ఒక్కో మార్పు చెప్పారు. సభ అయిపోయాక మిగతా డబ్బు ఎవరు ఇవ్వాలన్నది ఎవరికీ తెలియలేదు. అది నాకు ఇప్పటికీ రాలేదు. అప్పటి నుంచి, కమిటీ పనైతే ఒకరి పేరు, ఒకరి సంతకం ఉన్న కాగితం లేకుండా మొదలుపెట్టను.

డబ్బు సంగతి ముందే

పేజీ లెక్కన చెప్పండి, పుస్తకం మొత్తానికి గుత్తగా చెప్పవద్దు. వచనానికి నేను పేజీకి 50 రూపాయలు తీసుకుంటాను. 160 పేజీలకు 8,000. పద్యాలు, పట్టికలు ఉంటే ఎక్కువ. అందులో మూడు ప్రూఫుల దిద్దుబాట్లు కలిసే ఉంటాయి. ఆ తర్వాత రచయిత కొత్తగా రాసి చేర్చే భాగాలకు వేరే లెక్క. సగం ముందు, మిగతా సగం ప్రెస్సుకు వెళ్లే పీడీఎఫ్ ఇచ్చేటప్పుడు. ఇదంతా ఒక వాట్సాప్ సందేశంలో రాసి "సరే" అనిపించుకున్నా చాలు, మాట మాత్రం రాతలో ఉండాలి.

సంస్థలతో పనిచేసేవారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) చేయించుకోండి. 2020 జులై నుంచి ఇది ఆన్‌లైన్‌లో ఉచితం, మధ్యవర్తులకు డబ్బు ఇవ్వనక్కరలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి. బిల్లుమీద ఉద్యమ్ నంబరు వేయడం మొదలుపెట్టాక నా బిల్లులు త్వరగా కదిలాయి. ఎవరైనా టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) పట్టుకుంటే అది మీ పాన్ కింద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి.

రచయితలకు ఒక సాయం ఉచితంగా చేయండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునే చాలామందికి ఇది తెలియక ఎవరికో డబ్బు కడుతున్నారు. పక్కన కూర్చుని దరఖాస్తు పెట్టించండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి పనికీ నాలుగు గడులు రాయండి: ఎవరు చెప్పగా వచ్చింది, ఎన్ని గంటలు పట్టింది, చివరి రూపాయి ఏ తేదీన వచ్చింది, వారితో మళ్లీ చేస్తానా. ఏడాది తిరిగాక మొదటి గడినీ చివరి గడినీ కలిపి చదవండి. మొత్తం చూస్తే చిన్నగా కనిపించే కవిత్వం పుస్తకం గంటల లెక్కన సావనీరుకంటే ఎక్కువ ఇచ్చిందని నాకు అలాగే తెలిసింది. మరుసటి ఏడాది ఎవరి తలుపు తట్టాలో ఆ నోటు పుస్తకమే చెబుతుంది.

చివరిగా, డబ్బు మాట్లాడేటప్పుడే ఇంకొకటి అడగండి. లోపలి టైటిల్ వెనక పేజీలో "లేఅవుట్" అని మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు వేయాలని. ఎవరూ కాదనరు. అడగకపోతే ఎవరూ వేయరు. లైబ్రరీలో ఆ పుస్తకం చూసి ఏళ్ల తర్వాత ఫోన్ చేసేవారు ఉంటారు, వారు నేరుగా రచయితలే అయి ఉంటారు. అందుకని నంబరు మాత్రం మార్చకండి. ఫోన్ కంపెనీ మారాలనుకుంటే అదే నంబరుతో పోర్ట్ చేయించుకోండి.